డబ్బాలో గడియారం

మా అత్తకు చెవుడు లేదు. ఉన్న చెవుడంతా ఫోన్లకే. మూడేళ్ళలో నాలుగు ఫోన్లు మార్చింది. నాలుగూ గొణుగుడు ఫోన్లే దొరికాయి పాపం. "బొమ్మలు మంచిగనే చూపిస్తది. మాటలే నోట్ల నమిలి చెప్తది" అని ఆమె ఫిర్యాదు. అమ్మినవాడు వాల్యూమ్ పూర్తిగా పెంచి ఇస్తే, తనను ముసలిదాన్ని చేశాడని రెండు రోజులు మండిపడేది.

అత్త అంటే మా నాన్నకు అక్క. రాయచూరులో మా ఇంటి కింది భాగంలో జొన్నరొట్టెల దుకాణం ఆమెది. ఐదుగురు ఆడవాళ్ళు పీటల ముందు కూర్చుని రొట్టెలు తడుతుంటారు. పక్క వీధి ఖాలా వాటిని గుడ్డలో చుట్టి కట్టలు కడుతుంది. అత్త మధ్యలో కూర్చుని అందరి రొట్టెలకూ వంకలు పెడుతుంది. మేడమీద గదిలో నేను ఒక బెంగళూరు కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తూ ఉంటాను. నా పనేమిటో కింద ఎవరికీ తెలియదు. "పిల్ల పొద్దుమూకులు డబ్బాతోని మాట్లాడుతది" అని అత్త చుట్టాలకు చెప్పేది. అది అప్పటికి పూర్తిగా నిజం కాదు, తరవాత అయింది.

ఫోన్ల చెవుడు ముదిరింది గబ్బూరు పెళ్ళి దగ్గర. గబ్బూరువాళ్ళు ఫోన్ చేసి రెండు వందల రొట్టెలు కావాలన్నారు. అత్త "ఆఁ, ఆఁ" అంటూ పలకమీద కల్లూరు అని రాసుకుంది. రొట్టెలెక్కిన టంటం ఆటో కల్లూరు వెళ్ళింది. ఆ రోజు కల్లూరులో పెళ్ళే లేదు. మా టంటం నడిపే పెద్దమనిషి అప్పగించిన పని వదిలే రకం కాదు. ఊరంతా తిరిగి పెళ్ళి వెతికాడు. చివరికి ఒక ఇంటిముందు పందిరి కనబడితే, ఇదేలెమ్మని రొట్టెలు దించి వచ్చేశాడు. అది మేకల నీడకోసం వేసిన పందిరి. ఆ ఇంటివాళ్ళు వద్దనలేదు, మేకలూ వద్దనలేదు.

అక్కడ గబ్బూరులో మగపెళ్ళివాళ్ళు గుత్తొంకాయ కూరను ఉత్త అన్నంలో కలుపుకున్నారు. మా వైపు రొట్టె లేకుండా వంకాయ కూర వడ్డించడం చిన్న అవమానం కాదు. పెళ్ళికూతురి తండ్రి మర్నాడు స్వయంగా వచ్చి, గట్టిగా అరవకుండా, మెల్లగా, మర్యాదగా మాట్లాడి వెళ్ళాడు. అంత మెల్లగా మాట్లాడాడు కాబట్టి అత్తకు సగమే వినబడింది. మిగతా సగం ఆయన ముఖంలో చదువుకుంది.

ఆ సాయంత్రం అందరి ముందూ చెప్పింది. "ఇంకొక్కపారి గిట్లయితె పెంక బోర్లిస్త."

పెంక బోర్లించడమంటే పెనం తిరగేసి పెట్టడం. అంటే దుకాణం మూసేయడం. ఇంకొకరైతే ఊరికే అన్నారనుకుందుం. మా అత్త మాట ఊరికే పోదు. ఒకసారి మా నాన్నతో మాట్లాడనని అని, ఒకే ఇంట్లో ఉంటూ ఏడాదిన్నర మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే గోడకు చెప్పేది, నాన్న గోడ తరఫున తెచ్చి ఇచ్చేవాడు. మామయ్య పోయిన తరవాత ఆమె నిలబడింది ఆ పెనం మీదే. దాన్ని బోర్లిస్తే ఆమెకు మిగిలేది మధ్యాహ్నపు నిద్ర, మా మీద వంకలు. రెండోది మాకూ ప్రమాదమే.

అందుకని నేను రంగంలోకి దిగాను. చెవుల సంగతి ఎత్తే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. కాబట్టి తిరుగుడు దారి పట్టాను. "అత్తా, ఇప్పుడు ఎవ్వరూ ఫోన్‌ల ఆర్డర్ ఇస్తలేరు. అందరిదీ వెబ్‌సైటే. మనదీ ఒకటి చేద్దాం. వాళ్ళే రాస్తరు, నువ్వు చదువుకుంటవ్. ఫోన్ గొణుగుడు బాధ ఉండదు."

అత్త నన్ను చాలాసేపు చూసింది. నేనేం అనకుండా ఏం అన్నానో ఆమెకు తెలిసిపోయిందని ఇప్పుడు అనుకుంటాను. "చేయ్" అంది.

చేయడం వారం పని. ఎవరైనా ఫోన్‌లో తెరిచి, మెత్తటి రొట్టెనా కడక్ రొట్టెనా, ఎన్ని, ఏ ఊరు, ఎన్ని గంటలకు, ఇయ్యాలనా రేపా ఎల్లుండా అని నొక్కితే చాలు. ఊర్ల పేర్లు పెద్ద పెద్ద అక్షరాలతో పెట్టాను. గబ్బూరుకు ఎరుపు రంగు, కల్లూరుకు పచ్చ రంగు. వంటింటి గోడకు ఒక టాబ్లెట్ తగిలించాను. ఆర్డరు వస్తే అందులో కనబడుతుంది. నా లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది.

నా లాప్‌టాప్‌లో నడవడం గురించి ఒక మాట చెప్పాలి. సాఫ్ట్‌వేర్ మనుషులు రోజుకు నాలుగుసార్లు ఆడే అబద్ధం ఇదే. మా ఇంట్లో మా పిల్లాడు బుద్ధిమంతుడే అన్నట్టుంటుంది. లోకం అంతా చూడాలంటే ఎక్కడో ఉన్న అద్దె కంప్యూటర్ మీదికి దాన్ని ఎక్కించాలి. ఎక్కిస్తే అక్కడ కూలబడింది. ఇక్కడున్న సరంజామా ఒక రకం, అక్కడిది పాత రకం. దీన్ని సరిచేస్తే అది కదిలేది, దాన్ని సరిచేస్తే ఇది. రెండు రోజులు పళ్ళు కొరుక్కున్నాను. చివరికి బుద్ధొచ్చి కంటైనర్లో పెట్టాలని నిశ్చయించుకున్నాను.

కిందికి వెళ్ళి, ఇంకా ఎందుకు ఆలస్యమని అడిగిన అత్తకు విషయం చెప్పాను. కంటైనర్ అంటే, అప్లికేషన్‌ను ఒంటరిగా పంపకుండా, దానికి కావలసిన సరంజామా మొత్తం ఒక డబ్బాలో పెట్టి, మూత వేసి పంపడం. ఆ డబ్బా ఏ కంప్యూటర్లో దించినా ఒకేలాగా నడుస్తుంది.

ఆఫీసులో కొత్తవాళ్ళకు ఇది చెప్పడానికి నాకు అరపూట పడుతుంది. అత్తకు అర నిమిషం పట్టింది. "పెండ్లి డబ్బా లెక్క" అంది. "రొట్టె, శేంగా చట్నీ, ఉల్లిగడ్డ, నిమ్మకాయ, ఉప్పు గూడ మనమే పెట్టి పంపుడు. ఆడ ఉప్పు ఉన్నదో లేదో అని అడుగుడే వద్దు."

"అచ్చం అదే అత్తా."

"మరి అన్నీ పెట్టినవా?" అని వంటిల్లంతా కళ్ళతో ఒక చుట్టు చుట్టింది. "పొయ్యి పెట్టినవా?"

పొయ్యి లాంటిది ఉందని చెప్పాను.

"పెంక? పీట?"

"అన్నీ ఉన్నయ్ అత్తా."

"గడియారం?"

నాకు విసుగొచ్చింది. నాకు విసుగు తొందరగా వస్తుంది, మా వంశంలోనే ఉంది. "డబ్బాల గడియారం ఎందుకత్తా? సుమ్మనె, ఊకెనె ఏదో ఒకటి అడుగుతవ్" అన్నాను. గోడమీద పాత గడియారం నా మాట వింటూ ఊగుతోంది. అత్త మళ్ళీ అడగలేదు. ఖాలా మాత్రం "టైము లేకుంటె రొట్టె మాడుతది మా" అని తనలో తాను అనుకుంది.

డబ్బా కట్టడానికి ఒక చీటీ రాయాలి. ఏది ముందు పెట్టాలి, దానిమీద ఏది, ఆఖర్న ఏం చేస్తే నడుస్తుంది అని వరసగా. ఆ చీటీ చూసి కంప్యూటరే డబ్బా తయారుచేసుకుంటుంది. తయారయింది. ఇంటర్నెట్‌లో పైకి ఎక్కించడం మొదలుపెట్టాను. తొంభై శాతం ఎక్కేసరికి ఆగిపోయింది. డాబా మీదికి వెళ్ళి చూస్తే, ఒక కోతి మా ఇంటర్నెట్ కేబుల్‌తో వీపు గోక్కుంటోంది. దాన్ని తరిమి మళ్ళీ మొదలుపెట్టాను. రెండోసారి పూర్తిగా ఎక్కింది. డబ్బా అద్దె కంప్యూటర్లో దిగింది, నడవడం మొదలుపెట్టింది. కాని వెబ్‌సైటు తెరుచుకోదు. గంటసేపు జుట్టు పీక్కున్నాక తెలిసింది. డబ్బాకు ఒక కిటికీ తెరవమని చెప్పాలి, లేకపోతే లోపల ఎంత బాగా నడుస్తున్నా బయటివాళ్ళు లోపలికి రాలేరు. నేను ఆ కిటికీ తెరవలేదు. ఇది అత్తకు చెప్పడం నా తప్పే.

"అంటె షట్టర్ దించుకొని లోపల రొట్టెలు కొట్టుకుంట కూసున్నవ్" అంది. ఆ మాట వీధిలో మూడు రోజులు తిరిగింది. కూరగాయల ఆమె కూడా నన్ను చూసి "షట్టర్ తెరిచినవా అమ్మా" అని అడిగింది.

తెరిచాను. పది పన్నెండు రోజులు అంతా సవ్యంగా సాగింది. జనం ఫోన్‌లలో నొక్కారు, గోడమీద ఆర్డర్లు కనబడ్డాయి. పొద్దున ఆరింటికి పొయ్యిలు వెలిగించే ముందు అత్త కళ్ళజోడు పెట్టుకుని గోడ ముందు నిలబడి, ఆ రోజు జాబితా పైకి చదివేది. గబ్బూరు ఎర్రగా, కల్లూరు పచ్చగా. ఒక్క రొట్టె దారి తప్పలేదు. అత్త నడకే మారిపోయింది. వచ్చినవాళ్ళకల్లా టాబ్లెట్ చూపించి "మా పిల్ల డబ్బాల పెట్టింది" అని చెప్పేది. నేను మేడమీద కూర్చుని ఆ మాట వినబడినప్పుడల్లా కాస్త ఉబ్బేదాన్ని.

అప్పుడు వచ్చింది మూడు వందల రొట్టెల ఆర్డరు.

కాలువ కింద ఒక క్యాంపులో, అంటే వలస రైతుల ఊళ్ళో, ఉండే రైతుది. వాళ్ళు కోస్తా వైపునుంచి వచ్చి వరి పండించుకుంటున్న కుటుంబం. కొత్త ఇల్లు కట్టుకున్నారు, గృహప్రవేశం. వచ్చే చుట్టాలకు ఈ ప్రాంతపు రొట్టె రుచి చూపించాలని ఆయన కోరిక. మెత్తటి రొట్టెలే కావాలని ప్రత్యేకంగా రాశాడు. కడక్ రొట్టె నెల రోజులున్నా చెడదు గాని నమలడానికి పళ్ళు కావాలి, వాళ్ళ నాన్నగారికి అవి లేవట. మెత్తటివి ఏ పూటకు ఆ పూటే బాగుంటాయి.

పొద్దున ఆరింటికి అత్త చూసేసరికి గోడమీద ఉంది. ఇయ్యాల, మెత్తటివి మూడు వందలు, పదకొండు గంటలకు. చేతిలో ఉన్నది ఐదు గంటలే. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు. ఎందుకైనా మంచిదని ఆయనకు ఫోన్ చేసి, తన అలవాటు ప్రకారం అవతలివాళ్ళ చెవి పగిలేలా "పదకొండుకేనా నాయనా?" అని అడిగింది. అక్కడ మోటారు చప్పుడు. ఏదో జవాబొచ్చింది. "ఆఁ, ఆఁ, మంచిది" అని పెట్టేసింది.

ఆ పొద్దు మా ఇంట్లో యుద్ధమే. ఐదు పీటలూ ఒకేసారి మోగాయి. చంద్రబండ నుంచి తెచ్చిన జొన్నపిండి బస్తా బస్తాగా ఖాళీ అయింది. నన్ను కూడా కిందికి పిలిచారు. నేను తట్టిన మొదటి రొట్టె చూసి అత్త "ఇది ఏ జిల్లా పటం?" అని అడిగి, నన్ను నీళ్ళు మోసే పనికి మార్చింది. తొమ్మిదిన్నరకు మూడు వందలూ గుడ్డల్లో చుట్టి టంటం ఎక్కించారు. అత్త కొత్త చీర కట్టుకుని తనే రొట్టెల పక్కన ఎక్కి కూర్చుంది. గబ్బూరు తరవాత అంత పెద్ద ఆర్డరు అదే. దాన్ని సొంత కళ్ళముందు దించాలని ఆమె పట్టుదల.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక టంటం తిరిగొచ్చింది, రొట్టెలతో సహా.

జరిగింది టంటం పెద్దమనిషి చెప్పాడు. వీళ్ళు వెళ్ళేసరికి కొత్త ఇంట్లో నిచ్చెనమీద మనిషి రంగు వేస్తున్నాడు. చుట్టాలు లేరు, పందిరి లేదు. ఆ రైతు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అయ్యో, రేపు కదండీ అమ్మగారూ" అన్నాడు. ఆయన కోప్పడలేదు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. "ఫర్లేదులెండి, రేపు ఓపికుంటే మళ్ళీ పంపండి, లేకపోతే పులిహోరతో సరిపెట్టుకుంటాం" అన్నాడు.

అత్త లోపలికి వచ్చింది. పెద్ద పెనాన్ని రెండు చేతులా ఎత్తి, పొయ్యి పక్కన బోర్లించింది. తరవాత నావైపు తిరిగి చాలా మామూలుగా చెప్పింది. "నేను ఫోన్ చేసినప్పుడు రేపు అని చెప్పిండు కావచ్చు. నాకు ఇనరాలే. నాకు ఇనరాదే పిల్లా. ఎన్నడో పోయినయ్ చెవులు."

ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు. ఓదార్చడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. "ఆ రొట్టెలు డాబా మీద ఎండబెడతా, కడక్ అయితయి" అని చెప్పి, కట్టలు తీసుకుని పారిపోయాను.

మా ఊరి ఎండకు మెత్తటి రొట్టె మూడు గంటల్లో అప్పడమవుతుంది. డాబా నిండా పాత చీరలు పరిచి మూడు వందల రొట్టెలు పేర్చాం, నేనూ ఖాలా. రెండున్నరకు నాకు ఆఫీసు మీటింగు. కోతులకు కూడా మీటింగు అదే టైముకు పడింది. ఒక చేతిలో లాప్‌టాప్, ఇంకో చేతిలో కర్ర పెట్టుకుని, బెంగళూరువాళ్ళు నాణ్యత గురించి చెబుతుంటే "హుష్, హుష్" అన్నాను. మా మేనేజరు మాట్లాడడం ఆపేశాడు. ఆయన్ను కాదు, కోతిని అన్నానని చెప్పాల్సి వచ్చింది. అప్పటికి అది రెండు రొట్టెలు చంకన పెట్టుకుని గోడ దూకింది.

మీటింగు అయ్యాక ఖాలా ఆఖరి కట్ట విప్పుతూ నిట్టూర్చింది. "మీ తెలుగుల నిన్నకు ఒక మాట, రేపుకు ఒక మాట. మా ఉర్దూల రెంటికీ ఒకటే మాట మా. నిన్నంటె కల్, రేపంటె గూడ కల్. అయినా మాకు ఎన్నడు తప్పు పోలే. రెండు మాటలుండి మీకు పోయింది."

"ఎట్ల తప్పు పోదు ఖాలా?"

"ఇయ్యాల ఏందో తెలిస్తె చాలు గద. నిన్న ఎనకకు ఉంటది, రేపు ముందుకు ఉంటది."

నేను కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇయ్యాల ఏదో తెలిస్తే చాలు. నా వెబ్‌సైటులో "రేపు" అని నొక్కితే, రేపంటే ఏ రోజో లెక్క కట్టేది నేను కాదు, ఆ రైతు కాదు, అత్త అంతకంటే కాదు. డబ్బా. మరి డబ్బాకు ఇయ్యాల ఏదో తెలుసా?

అక్కడే ఎండలో కూర్చుని ఆర్డరు తీసి చూశాను. అది వచ్చిన సమయం ముందు రోజు రాత్రి పదకొండుంపావు అని ఉంది. ఏ రైతు ఆ వేళకు రొట్టెలు ఆర్డరు చేస్తాడు? డబ్బాలోకి ఒక కమాండ్ పంపి, ఇప్పుడు టైమెంతని అడిగాను. మా వీధిలో మూడు గంటలు. డబ్బాలో పొద్దున తొమ్మిదిన్నర. డబ్బాకు ఏ దేశమో చెప్పకపోతే అది లండన్ పక్కన గీసిన గీత దగ్గరి టైము పట్టుకుని కూర్చుంటుంది. మనకంటే అయిదున్నర గంటలు వెనక. నా లాప్‌టాప్‌కు మన టైము తెలుసు, డబ్బాకు ఎవరూ చెప్పలేదు. పగలు ఆర్డరు చేసినవాళ్ళకు తేడా రాదు, తేదీ ఒకటే కాబట్టి. తెల్లవారకముందు పావుతక్కువ ఐదింటికి కాలువ నీళ్ళ వంతుకోసం లేచిన రైతు మాత్రం "రేపు" అని నొక్కితే, డబ్బా దృష్టిలో అది ఇంకా నిన్న. నిన్నకు రేపు ఇయ్యాలే కదా.

అత్త చెవులకు దీంతో ఏ సంబంధమూ లేదు. తప్పు మొత్తం నాది.

సిగ్గు విడిచి ఒక నిజం రాయాలి. మొదట నాకు వచ్చిన ఆలోచన మంచిది కాదు. చీటీలో ఒక్క పంక్తి చేర్చి, డబ్బా మళ్ళీ కట్టి పంపితే నాలుగు నిమిషాల పని. ఎవరికీ తెలియదు. అత్త ఎలాగూ తన చెవులే అనుకుంది. నా పేరు చెడదు. కాని కింద ఆ పెనం బోర్లా పడి ఉంది. నేను డబ్బాలో గడియారం ఎందుకని కసిరినదాన్ని. లాప్‌టాప్ మూసి కిందికి దిగాను.

ఐదుగురు ఆడవాళ్ళూ ఇంకా ఇంటికి వెళ్ళలేదు, పీటల ముందే ఉత్త చేతులతో కూర్చున్నారు. నేను అత్త దగ్గర కూర్చుని మెల్లగా చెప్పాను. "అత్తా, తప్పు నీది కాదు. నాది."

"ఆఁ?"

"తప్పు నాది అంటున్న."

"అప్పు ఏంది?"

తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. దాన్ని మూడోసారి, గొంతు చించుకుని ఒప్పుకోవడం ఎలా ఉంటుందో నాకే తెలుసు. "తప్పు నాదీ. డబ్బాల గడియారం తప్పుందీ" అని అరిచాను. కిటికీ దగ్గర ఇద్దరు తలలు పెట్టారు. కూరగాయల ఆమె తక్కెడ పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది. మిగతాదంతా ఆ సభకే వివరించాను, నిన్న ఎక్కడుంది, రేపు ఎక్కడుంది, లండన్ ఎక్కడుంది.

అత్త నా ముఖంలోకి చూసింది. "నా మీద జాలిపడి చెప్తున్నవా?"

అప్పుడు ఆ రైతుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, ఫోన్ అత్త చెవికి ఆనించాను. పొద్దున ఆమె ఏం అడిగిందో, ఆయన ఏం చెప్పాడో చెప్పమన్నాను. ఆయన మోటారు ఆపించి మరీ చెప్పాడు. "అమ్మగారు టైము ఒక్కటే అడిగారండి. పదకొండేనండి అన్నాను. రోజు సంగతి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. వెబ్‌సైటులో రేపనే నొక్కాను కదా అనుకున్నానండి."

అత్త ఫోన్ పక్కన పెట్టింది. తరవాత ఆమె ముఖం మీదికి మెల్లగా వచ్చిన సంతోషం నేను ఎప్పుడూ చూడనిది.

"గడియారం పెట్టినవా అని అడిగితిని గద."

"అడిగినవ్ అత్తా."

"సుమ్మనె అడుగుతున్న అంటివి."

"అన్న."

"అందరు ఇన్నరా? రాయచూరుల రొట్టెలు చేసేదానికి ఎరుకైంది, కంప్యూటర్ చదివినదానికి ఎరుక కాలే." లేచి పెనాన్ని ఎత్తి పొయ్యిమీద పెట్టింది. "పిండి కలపండ్రి. రేపు మూడొందలు. రేపు అంటె రేపే."

ఆ సాయంత్రమే చీటీలో ఒక పంక్తి చేర్చి, డబ్బాకు మన దేశం టైము చెప్పాను. మర్నాడు మూడు వందల మెత్తటి రొట్టెలు చెప్పిన వేళకు క్యాంపు చేరాయి. పళ్ళులేని పెద్దాయన నాలుగు తిన్నాడట. డాబా మీది రొట్టెలు కోతుల వాటా పోగా కడక్ రొట్టెలయ్యాయి. అందులో ఒక కట్ట అత్త గబ్బూరుకు, ఆ పెళ్ళికూతురి ఇంటికి పంపింది. ఈసారి టంటం పెద్దమనిషి చేతికి ఊరి పేరు ఎర్ర సిరాతో రాసి ఇచ్చింది.

వారం రోజులు నన్ను గడియారంతో వేపుకుతింది. కాఫీ ఇస్తూ టైము అడిగేది, భోజనానికి పిలిచి ఇది ఏ దేశపు భోజనమని అడిగేది. ఎనిమిదో రోజున మెట్లెక్కి నా గదికి వచ్చింది. మోకాళ్ళ నొప్పితో ఆమె మేడెక్కి ఎన్నేళ్ళయిందో. మంచం అంచున కూర్చుని ఆయాసం తగ్గేదాకా ఆగింది.

"నీ డబ్బా తప్పు నువ్ వీధంత ఇనేటట్టు ఒప్పుకుంటివి" అంది. "నేను నాలుగు ఫోన్లను ఉత్తగనే తిడ్తిని. పా, చెవుల డాక్టర్ దగ్గరికి."

వెళ్ళాం. చిక్కుడు గింజంత మిషను చెవి వెనక పెట్టి పంపారు. ఇంత చిన్న డబ్బాలో ఏమేం పెట్టారని అత్త డాక్టరును నిలదీసింది. ఇంటికి వచ్చి, వంటింట్లో తన చోట కూర్చుంది. మధ్యాహ్నం, నేను తప్ప ఎవరూ లేరు. ఉన్నట్టుండి తల పైకెత్తి గోడవైపు చూసింది.

"ఏందే ఆ చప్పుడు?"

నాకేమీ వినబడలేదు. తరవాత తెలిసింది, గోడ గడియారం. టిక్కు టిక్కుమంటోంది. అది అంటుందని మేమంతా ఎప్పుడో మర్చిపోయాం.

"గడియారం అత్తా."

"ఇన్నేండ్లు గిట్లనే కొట్టుకుంటున్నదా?"

"కొట్టుకుంటనే ఉన్నది."

మామూలు గొంతుతోనే అన్నాను. అలవాటు కొద్దీ గట్టిగా మళ్ళీ చెప్పబోయి, ఆగిపోయాను. అత్త అప్పటికే తల ఊపుతోంది.